శ్రీ కె. వి. రెడ్డిగారి జీవితము: ఊహాచిత్రములును బహుమానములును

మన పాఠశాల విద్యార్థులలో మాయాబజారు చిత్రమును చూడనివారు మిక్కిలి తక్కువగా నుందురు. ముదిగొండ పరిసరములందు పండుగనాటి సాయంకాలమున ఆ చిత్రము పెట్టినచో తాతలును మనుమలును ఒక్క చాపమీద కూర్చుండి చూచుట మేమెరుగుదుము. అందు శశిరేఖ యొక చిన్న పేటిక మూత తెరవగానే దూరదేశమున నున్న అభిమన్యుడామెకు కనబడును. ఆ పేటిక పేరు ప్రియదర్శిని. ఈ సంవత్సరము తరగతిలో ఆ పేటిక ప్రస్తావన వచ్చినప్పుడు ఒక బాలుడు లేచి, అది హైదరాబాదులోనున్న తన యన్న ప్రతిరాత్రియు అమ్మకు కనబడి మాటలాడు ఫోనువంటిదే కదా యని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ బాలుని మాటలో చాల నిజము గలదని తోచినది.

ఆ చిత్రము 1957వ సంవత్సరమున వెలువడినది. నాడు మన పల్లెలలో విద్యుద్దీపము లేని యిండ్లే యెక్కువ. అట్టి కాలమున దూరపు మనుష్యుని ముఖమును అరచేతి పేటికలో చూపవచ్చునను నూహకు వెండితెరమీద రూపము గల్పించిన దర్శకులు శ్రీ కదిరి వెంకటరెడ్డిగారు. లోకము వారిని కె. వి. రెడ్డిగారని పిలిచెను. వారి జీవితమును మన బాలబాలికలకు తెలుపవలెనని మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇందుకు మరియొక కారణము గూడ కలదు. ఊహతో నల్లిన చిత్రములకు పెద్ద బహుమానములు ఏల యరుదుగా లభించును? బహుమానము రానిచో ఆ పని తక్కువదగునా? ఈ ప్రశ్నలకు వారి జీవితము చక్కని సమాధానము చెప్పుచున్నది.

రెడ్డిగారు 1912వ సంవత్సరము జూలై 1వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. పెన్నానదీ తీరముననున్న ఆ పట్టణము శిల్పసంపదగల దేవాలయములకు ప్రసిద్ధము. బాల్యముననే తండ్రిని గోల్పోయి, బంధువుల యండన పెరిగిరి. ఆ యూరివారే యగు మూలా నారాయణస్వామిగారు వారికి మిత్రులు. ఆ స్నేహము పిదప వారి జీవితమార్గమునే మార్చినది. వెంకటరెడ్డిగారు మదరాసు చేరి విజ్ఞానశాస్త్రము నభ్యసించి, బి. యస్సీ. పట్టము నందిరి. కథలు చెప్పవలసిన మనుష్యుడు ముందుగా కొలతలును లెక్కలును నేర్చెనన్నమాట. ఈ విషయమును పాఠకులు మనసున నుంచుకొనవలెను.

చలనచిత్రరంగమున వారు ప్రవేశించినది దర్శకులుగా గాదు. డబ్బు లెక్కలు చూచు చిన్న యుద్యోగముతో ప్రారంభించిరి. శ్రీ బి. యన్. రెడ్డిగారు నారాయణస్వామిగారి తోడ్పాటుతో వాహినీ సంస్థను నెలకొల్పినప్పుడు, వందేమాతరము, సుమంగళి, దేవత మున్నగు చిత్రములకు నిర్మాణ వ్యవహారములు చూచు పని వారికి లభించెను. ఏ సామానునకు ఎంత వ్యయమగును, ఒక్క దృశ్యమునకు ఎన్ని యడుగుల ఫిలిము ఖర్చగును, ఎండ పోయినచో ఎంత నష్టము, నటుడు ఆలస్యముగా వచ్చినచో ఎంతమంది కూలి వృథా యగును అను విషయములన్నియు వారికి కరతలామలకమైనవి. పెక్కుమంది యీ పనిని చిల్లర పనిగా నెంచుదురు. రెడ్డిగారు దానినే పాఠశాలగా చేసికొనిరి.

1943వ సంవత్సరమున వారికి దర్శకత్వము వహించు నవకాశము లభించెను. ఆ చిత్రము భక్త పోతన. నాగయ్యగారు పోతనామాత్యుని పాత్ర ధరించిరి. లోకమంతట మహాయుద్ధము సాగుచుండగా, రాజాశ్రయమును వలదని హలము పట్టిన కవి కథను తెలుగువారు కన్నులార చూచి యానందించిరి. తరువాత 1947లో యోగి వేమన, 1949లో గుణసుందరి కథ వచ్చినవి. ఈ గుణసుందరి కథకు మూలము ఆంగ్లకవి షేక్స్పియరు రచించిన లియరు రాజు నాటకము. కాని చూచువారికి అది మన యమ్మమ్మ చెప్పిన కథవలెనే యుండును. పరదేశపు విత్తనమును మన మట్టిలో నాటి మన చెట్టుగా పెంచు నేర్పు వారికట్లు అబ్బియుండెను.

1951వ సంవత్సరమున విజయా సంస్థ పక్షమున వారు పాతాళభైరవిని తీసిరి. కథకు పింగళి నాగేంద్రరావుగారు, సంగీతమునకు ఘంటసాలగారు, ఛాయాగ్రహణమునకు మార్కస్ బార్ట్లీగారు తోడైరి. తోటరాముని పాత్రకు నటుని వెదకుచుండగా, స్టూడియో ఆవరణమున టెన్నిసు ఆడుచున్న యువకుడు నందమూరి తారకరామారావుగారు ఆట తప్పినందుకు కోపముతో తరువాతి బంతిని బలముగా కొట్టుట చూచి, తోటరాముడితడేయని రెడ్డిగారు నిశ్చయించిరని చెప్పుకొందురు. నేపాళ మాంత్రికుడుగా యస్. వి. రంగారావుగారు నటించిరి. ఆ చిత్రమునకు లభించిన యాదరణ యింతంత గాదు. 1952వ సంవత్సరము జనవరిలో మన దేశమున మొదటిసారి జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడిన దక్షిణదేశపు చిత్రము అదియొక్కటియే. నాటికి మన ప్రభుత్వము చిత్రములకు బహుమతు లిచ్చు నాచార మింకను ప్రారంభము కాలేదు.

ఆ యాచారము 1954లో మొదలైనది. ఆ యేడే రెడ్డిగారు పెద్దమనుషులు అను సాంఘిక చిత్రమును తీసిరి. ఊరికి పెద్దయనిపించుకొని లోలోపల ఊరిని దోచుకొను వంచకుని కథ యది. నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెను నాటకమొకటి దీనికి ప్రేరణ. రచన డి. వి. నరసరాజుగారిది. ఆ సంవత్సరపు తెలుగు చిత్రములలో శ్రేష్ఠమైనదిగా దానికి రాష్ట్రపతి రజతపతకము లభించెను. పతకము న్యాయముగానే వచ్చినదని మా యభిప్రాయము. దొంగలకంటె పెద్దమనుషుల ముసుగు వేసికొనినవారే ప్రమాదకారులను సత్యమును ఆ చిత్రము నిర్భయముగా చూపినది. మరుసటి యేడు, 1955లో, అన్నపూర్ణా సంస్థకు వారు దొంగరాముడు తీసిరి.

ఇక మాయాబజారు. శశిరేఖా పరిణయమను నీ కథ వ్యాసుని భారతమున లేదు. అది మన జనుల నోళ్లలోను, నాటకశాలలలోను పుట్టి పెరిగిన కథ. రెడ్డిగారికి ముందును దీనిని చిత్రములుగా తీసినవారు కలరు. చూచిన కథనే మరల చూపి జనులను మెప్పించుట మిక్కిలి కష్టము. వ్యయము పెరుగునని నిర్మాతలు సైతము ఒక దశలో వెనుకాడిరి. శ్రీకృష్ణుని పాత్ర ధరించుటకు రామారావుగారికే ధైర్యము చాలలేదు. అంతకుముందొక చిత్రమున ఆ వేషమున వారు కొలదిసేపు కనబడగా ప్రేక్షకులు మెచ్చియుండలేదు. రెడ్డిగారు వారిని పట్టుబట్టి యొప్పించి, కిరీటమును వేషమును జాగ్రత్తగా తీర్చిరి. తరువాత తెలుగువారి కన్నులకు కృష్ణుడనగా ఆ రూపమే నిలిచిపోయెను.

ఆ చిత్రమున వారు పడిన శ్రమ విద్యార్థులు తెలిసికొనవలసినది. ద్వారకా నగరమును చూపుటకు యాబది యడుగులకు అరువది యడుగుల చోట సుమారు 300 బొమ్మయిండ్లు కట్టించిరి. మాధవపెద్ది గోఖలేగారు, కళాధర్ గారు ఆ రూపకల్పన చేసిరి. ప్రతి చిన్న యింటిలోను విద్యుద్దీపము వెలుగవలెనని రెడ్డిగారు పట్టుబట్టిరి. తెరమీద ఆ నగరము కనబడునది కొన్ని క్షణములు మాత్రమే. ఐనను ఒక్క యింటను దీపము లేకున్నచో చూచువాని మనస్సునకు అది బొమ్మ యని తెలిసిపోవును. నదిలో పడవమీద సాగు పాటలోని వెన్నెల చంద్రుడిచ్చినది గాదు, బార్ట్లీగారు దీపములతో సృష్టించినది. ఘటోత్కచుడు విందారగించునప్పుడు భక్ష్యములు తమంతట తామే యెగిరి నోట పడుటయు, పళ్లెములు కదలుటయు చూచి చిన్నలు నేటికిని చప్పట్లు కొట్టుచున్నారు.

నేడు కంప్యూటరు సాయమున ఏ వింతనైనను చూపవచ్చును. నాడు వింతలు చాలవరకు కెమెరాలోనే పుట్టవలసియుండెను. ఒకే తెరమీద ఒక్క మనుష్యుని రెండు మారులు చూపవలెనన్న, కెమెరా కంటిలో సగము నల్లని రేకుతో మూసి ఒక ప్రక్క చిత్రించి, ఫిలిమును వెనుకకు త్రిప్పి, రెండవ సగము మూసి మరల చిత్రించుట ఒక పద్ధతి. కెమెరా వెంట్రుకవాసి కదలినను, నటుడు ఒక అడుగు అటునిటు వేసినను అంతయు చెడును. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో ఒక పాటయందు రామారావుగారే గాయకుడుగను, వాద్యకాండ్రుగను ఒకేసారి పెక్కు రూపములతో కనబడుదురు. దానిని తీసినవారును రెడ్డిగారును, బార్ట్లీగారునే. లెక్క తప్పని మనస్సు లేనిదే యిట్టి మాయ సాధ్యము గాదు.

రెడ్డిగారి చేత ఎల్లప్పుడు ఒక గడియారముండెడిది. పరుగుపందెములలో కాలము కొలుచునట్టి స్టాపువాచి యది. చిత్రీకరణమునకు ముందే నటులచేత సంభాషణలు చెప్పించి, నడిపించి, కూర్చుండబెట్టి, ఒక్కొక్క దృశ్యమునకు ఎన్ని నిమిషములు, ఎన్ని సెకండ్లు పట్టునో కొలిచి వ్రాసికొనెడివారు. చిత్రము పూర్తియైన పిమ్మట దాని నిడివి ముందు వ్రాసిన లెక్కకు సరిపోయెడిది. కథ వ్రాతలో నుండగానే చిత్రమంతయు వారి కన్నులయెదుట కదలాడుచుండెనని వారితో పనిచేసినవారు చెప్పియున్నారు. షూటింగు మొదలైన తరువాత కథను మార్చుట వారికి నచ్చదు. ఒకనాడు డబ్బు లెక్కలు చూచిన చేయి, విజ్ఞానశాస్త్రము చదివిన బుద్ధి, కథలు విన్న హృదయము ఈ మూడును ఆ గడియారమున కలిసికొనినవని మేము తలచుచున్నాము.

1957వ సంవత్సరము మార్చి 27వ తేదీన మాయాబజారు విడుదలయ్యెను. తెలుగునాట ఊరూర జనులు విరుగబడి చూచిరి. రంగారావుగారి ఘటోత్కచుడును, మాయాశశిరేఖగా సావిత్రిగారి నటనయు నాటినుండి నేటివరకు ముచ్చటలుగానే యున్నవి. కాని ఆ సంవత్సరపు జాతీయ చలనచిత్ర బహుమతుల పట్టికను తెరచి చూచినచో అందు మాయాబజారు పేరు కానరాదు. మరుసటి యేడు, 1958లో, రెడ్డిగారు పెండ్లినాటి ప్రమాణములు అను గృహస్థ జీవితపు హాస్యచిత్రమును తీసిరి. తెలుగు చిత్రములకిచ్చు జాతీయ గౌరవము దానికి లభించెను. ఒకే మనుష్యుడు, ఒకే గడియారము, ఒకే శ్రద్ధ. సాంఘిక చిత్రములు రెండు గౌరవమందినవి. వాని నడుమ వచ్చిన ఊహాచిత్రమునకు పతకము లేదు.

ఇది మన దేశమునకు మాత్రమే కలిగిన వింత గాదు. ఊహాచిత్రముల పుట్టుక చలనచిత్రముతోనే జరిగినది. ఫ్రాన్సు దేశమున జార్జి మెలియే యను ఇంద్రజాలికుడు 1902లోనే చంద్రలోకయాత్రను చిత్రముగా తీసెను. తరువాత విజ్ఞానశాస్త్రమును ఆధారముగా గొన్న కల్పిత కథలు చిత్రములుగా పెక్కు వచ్చినవి. 1968లో స్టాన్లీ కూబ్రిక్ అను దర్శకుడు 2001: ఎ స్పేస్ ఒడిస్సీ యను చిత్రమున ఆకాశయానమును చూపెను. మనుష్యుడు చంద్రునిపై నడుగిడుటకు ముందటి యేడది. అమెరికావారి ఆస్కారు బహుమతులలో దానికి లభించినది దృశ్యమాయలకిచ్చు బహుమతి యొక్కటే. ఉత్తమ చిత్రముల పోటీలో దాని పేరైనను లేదు.

1983లో జరిగిన ఆస్కారు సభ మన దేశీయులకు జ్ఞాపకముండదగినది. ఆ యేడు పోటీలో ఒక ప్రక్క మహాత్ముని జీవితమును చూపిన గాంధీ చిత్రము, మరియొక ప్రక్క ఇతర లోకమునుండి వచ్చి భూమిపై చిక్కుకొనిన ప్రాణికిని ఒక బాలునికిని కలిగిన స్నేహమును చూపిన ఇ. టి. యను చిత్రము నిలిచినవి. గాంధీ చిత్రమునకు ఎనిమిది బహుమతులు వచ్చినవి. అందొకటి వేషాలంకరణమునకై మన దేశపు భాను అథైయాగారికి లభించెను. ఇ. టి. చిత్రమునకు సంగీతము, ధ్వని, దృశ్యమాయలు మున్నగు పనితనములకు నాలుగు మాత్రమే. గాంధీ చిత్రదర్శకుడు రిచర్డ్ అటెన్‌బరోగారే, ఉత్తమ చిత్రమను గౌరవము ఇ. టి. కి రావలసియుండెనని పిదప పెద్దమనస్సుతో చెప్పిరి.

ఏల యిట్లు జరుగును? న్యాయము చెప్పువారు దుర్మార్గులని మేమనము. మాయాబజారులోని ప్రియదర్శినినే మరల తలచుకొందము. దానిని తెరచిన రేవతీదేవికి మణులును నగలును కనబడినవి. బలరామునకు దుర్యోధనుడు కనబడెను. శశిరేఖకు అభిమన్యుడు కనబడెను. పేటిక ఒక్కటే, చూచువారి మనస్సులు వేరు. ఎవరికేది ప్రియమో అదియే వారికి గోచరించినది. బహుమానములిచ్చు సభయు అట్టి ప్రియదర్శినియే యని మాకు తోచుచున్నది. సంఘసంస్కారము, దారిద్ర్యము, చరిత్ర మున్నగు గంభీర విషయములను ప్రియముగా నెంచువారికి అవియే గొప్పగా కనబడును. మాయలు, యంత్రములు, పరలోకములు బాలుర వినోదములని వారనుకొందురు. అందు దాగియున్న శ్రమయు, ఆలోచనయు వారి కంటబడవు.

ఆ చిత్రముననే మరియొక వింత వస్తువు కలదు. అది సత్యపీఠము. దానిపై నిలిచినవాడు, శకునియంతటివాడైనను, మనసులోని నిజమును చెప్పక తప్పదు. కళలకు సత్యపీఠము కాలమే. 2010లో మాయాబజారునకు రంగులద్ది మరల విడుదల చేయగా కొత్తతరమువారును ఆదరించిరి. 2013లో, భారతీయ చలనచిత్రమునకు నూరేండ్లు నిండిన వేళ, ఒక జాతీయ వార్తాసంస్థ జరిపిన ప్రజాభిప్రాయ సేకరణమున భారతదేశపు చిత్రములన్నిటిలో సర్వశ్రేష్ఠముగా ఎన్నికైనది మాయాబజారే. పతకము లభించిన యేటి చిత్రములలో ఎన్నిటిని మనము నేడు తలచుచున్నాము? పతకము రాని యీ చిత్రమును మన ముదిగొండ బాలుడు తరగతిలో తలచుకొనుచున్నాడు.

రెడ్డిగారి తుదిదినములు సుఖముగా గడువలేదు. 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధము, 1965లో సత్యహరిశ్చంద్ర, 1968లో ఉమాచండీగౌరీశంకరుల కథ, భాగ్యచక్రము తీసిరి. జనుల యభిరుచి మారినది. వెనుకటి విజయములు మరల రాలేదు. వారి నెత్తుకొని తిరిగిన లోకమే వారిని మరచినట్లుండెను. అట్టి సమయమున, తమను తోటరామునిగను కృష్ణునిగను తీర్చిదిద్దిన గురువును రామారావుగారు మరువలేదు. తమ సంస్థ చిత్రమునకు దర్శకత్వము వహింపుమని వారిని కోరిరి. అదియే 1971లో వచ్చిన శ్రీకృష్ణసత్య. రెడ్డిగారి కడపటి చిత్రమదియే. 1972వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, అరువదియేండ్ల వయస్సున, వారు కాలధర్మము నందిరి.

గురువు గొప్పతనము శిష్యునియందు తెలియును. మాయాబజారు కాలమున రెడ్డిగారి యొద్ద సహాయకుడుగా చేరి పని నేర్చిన యువకుడొకరు కలరు. వారే సింగీతము శ్రీనివాసరావుగారు. ఆంగ్లరచయిత హెచ్. జి. వెల్సుగారు 1895లో కాలయంత్రమును గూర్చి వ్రాసిన నవల వారి మనస్సున చిరకాలము నిలిచియుండెను. 1991లో వారు ఆదిత్య 369 యను చిత్రమును తీసిరి. కాలయంత్రము వస్తువుగా మన దేశమున వచ్చిన తొలి చిత్రములలో అది యొకటి. అందు కథానాయకుడు యంత్రమెక్కి 1526వ సంవత్సరపు విజయనగరమునకు పోయి శ్రీకృష్ణదేవరాయల సభను చూచును. పిదప 2504వ సంవత్సరమునకు పోయి, భూమిపై వాయువు విషమై జనులు నేలక్రింద జీవించుటను చూచును. విజ్ఞానశాస్త్రపు కల్పనను రాయల సభతోను, తెనాలి రామకృష్ణునితోను ముడివేయుట గురువుగారి యొద్ద నేర్చిన విద్యయే. పరదేశపు విత్తనము మరల మన మట్టిలో మొలచినది.

ఆ చిత్రమునకు నాటి మన రాష్ట్రప్రభుత్వపు నంది బహుమతులు రెండు లభించినవి. ఒకటి రంగాలంకరణమునకు, రెండవది వేషాలంకరణమునకు. ఇందును పాత కథయే సాగినది. చేతిపనిని మెచ్చుకొనిరి గాని, ఊహను సింహాసనమెక్కింపలేదు.

ఐనను కాలము మారుచునే యున్నది. 2012లో వచ్చిన ఈగ యను చిత్రమున హతుడైన యువకుడు ఈగగా పుట్టి పగ దీర్చుకొనును. దానికి ఉత్తమ తెలుగు చిత్రముగను, దృశ్యమాయలకును జాతీయ బహుమతులు లభించినవి. 2015వ సంవత్సరపు బాహుబలి దేశమంతటికిని ఉత్తమ చిత్రముగా జాతీయ గౌరవమందెను. తెలుగు చిత్రమొకటి ఆ స్థానమందుట అదియే ప్రథమము. అదియు తోటరాముని వంశమునకు చెందిన జానపద కథయే కదా. అమెరికా దేశమునను 2018లో జలమానవుని కథయగు ది షేప్ ఆఫ్ వాటర్ ఉత్తమ చిత్రమయ్యెను. 2023లో పెక్కు లోకములు ఒకదానిలో నొకటి చొచ్చుకొని సాగు ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్ అను చిత్రము ఏడు బహుమతులు గెలుచుకొనెను. ఆ సభలోనే ఆర్. ఆర్. ఆర్. చిత్రములోని తెలుగుపాటకు ఉత్తమ గీతముగా బహుమానము వచ్చుట మనకు ఉభయ సంతోషము. ప్రియదర్శినిని తెరచి చూచువారి మనస్సులు కొంత విశాలమైనవని దీనివలన తెలియుచున్నది.

రెడ్డిగారి చిత్రములు విజ్ఞానశాస్త్ర కల్పనలని మేము చెప్పబూనుట లేదు. అవి పౌరాణికములు, జానపదములు. వానిలోని వింతలకు కారణము మంత్రము, యంత్రము గాదు. కాని లేనిదానిని ఉన్నట్లు నమ్మించుటకు వలసిన బుద్ధి రెండింటను ఒక్కటే. మంత్రముచేత కనబడు దూరపు ముఖమును ముందుగా ఊహించువాడుండవలెను. పిమ్మట దానిని యంత్రముచేత సాధించువాడు పుట్టును. బొమ్మయింటిలో సైతము దీపముండవలెనని పట్టుబట్టిన మనుష్యుడు ఏ ప్రయోగశాలలోనున్నను రాణించియుండును.

బాలబాలికలారా, మీలో కొందరు మంచి చిత్రకారులు, కొందరు కథలల్లువారు, కొందరు యంత్రములు విప్పి చూచువారు. మన ముదిగొండ పేరు సామాన్యమైనది గాదు. సుమారు వేయి సంవత్సరములకు పూర్వము ఈ పేరుతోనే ప్రసిద్ధులైన చాళుక్య ప్రభువులు ఈ ప్రాంతమున నుండిరి. మీరు కాలయంత్రమెక్కినచో వారి కొలువును ఎట్లు చూపుదురు? భద్రాచలపు అడవులలో గోదావరి వేయేండ్ల పిదప ఎట్లు ప్రవహించునని తలచుచున్నారు? ఆలోచింపుడు. వ్రాయుడు. బొమ్మ గీయుడు. కాని రెడ్డిగారివలె కొలత వేసికొని పని చేయుడు. కొలతలేని ఊహ గాలిబుడగవలె క్షణమున పగులును. కొలతతోడి ఊహ ద్వారకవలె నిలుచును.

తలిదండ్రులకును ఒక్క మనవి. పిల్లవాడు ఎగిరే రథములను, మాటలాడు యంత్రములను గీయుచున్నప్పుడు అది కాలహరణమని కాగితము లాగుకొనవలదు. ఉపాధ్యాయులమగు మేమును ఆ తప్పు చేయకుండ జాగ్రత్త పడుదుము. పాఠశాల వార్షికోత్సవమున మేమిచ్చు బహుమతులును ప్రియదర్శినివంటివే. మాకు ప్రియమైన గుణములే మా కంటబడును, కొన్ని జారిపోవును. బహుమతి రానివారు నిరుత్సాహపడవలదు. పని చక్కగా చేసినదీ లేనిదీ సత్యపీఠము చెప్పును. తరగతిలో ఫోను మాట చెప్పిన బాలునికి ఏ బహుమతియు నియ్యలేదు గాని, ఈ వ్యాసము అతని మాటనుండియే పుట్టినదని యిచట తెలుపుచున్నాము.